పెంటయ్య తవ్విన అడవి

ఎక్కడ ఆపాను? ఆఁ, ముద్దల దగ్గర. పెంటయ్య బావి తవ్వితే ప్రతి మనిషి నిలువు లోతుకూ ఒక మట్టిముద్ద తీసి ఒడ్డున వరసగా పెడతాడని చెబుతుండగా పాలు పొంగాయి, లేచి వెళ్లాను. ఇప్పుడు కూర్చున్నాను. సాయంత్రం అయిదు నలభై దాకా నాకు వేరే పని లేదు.

పెంటయ్యది కందుకూరు అవతల పల్లె. పద్నాలుగో ఏట తండ్రి వెంట బావిలో దిగాడు, ఇప్పుడు అరవై దాటాయి. బావుల్లో బండలకు తూటాలు పేల్చీ పేల్చీ ఎడమ చెవి పోయింది. బోర్లు వచ్చాక బావుల పని పోయింది. మా పక్కనున్న విమానాశ్రయం కట్టేటప్పుడు కొన్నాళ్లు మట్టి పనికి వెళ్లాడు, తర్వాత అదీ లేదు. మూడేళ్లుగా ఒక్క బావి దొరకలేదు. పోయిన నెల మా ఊరి ఆసామి వీరేందర్ తోటలో బోర్లు రెండూ ఎండిపోతే, తాతలనాటి పాత బావిని లోతు చేయమని కబురు పెట్టాడు. అప్పటి నుంచి పెంటయ్య, ఆయన భార్య చంద్రమ్మ మా వెనక గదిలో కిరాయికి ఉంటున్నారు.

"మా ముసలోడు పెండ్లిపిలగాని లెక్క తయారైండు టీచరమ్మా, తలకు నూనె గూడ రాసుకున్నడు," అంది చంద్రమ్మ మొదటి రోజు.

"బావి మొకం సూడవోతున్న గద మరి," అన్నాడాయన.

బావి అడుగున తెల్ల సున్నపు గడ్డల పొర తగిలింది, రాయంత గట్టిది. నాలుగు రోజులు గడ్డపారతో కొట్టాడు. అది పగిలాక కింద నల్లటి బురద. అందులోంచి ఒక ఆకును తడి గుడ్డలో చుట్టి నాకు తెచ్చిచ్చాడు. నల్లబడింది కానీ ఈనెతో సహా ఆకు. ముప్పై ఏళ్లు ఏడో తరగతికి ఆకుల పాఠం చెప్పినదాన్ని, ఆగుతానా? కాడతో సహా ఇంకొకటి కావాలని అడిగాను. మర్నాడే మళ్లీ దిగి నాలుగు తెచ్చాడు.

ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. గుర్తుపెట్టుకోండి.

రుబీనా నా దగ్గరే చదువుకుంది. ఇప్పుడు పాత బురదల్లో పుప్పొడి వెతికి, ఎప్పుడెక్కడ ఏ అడవి ఉండేదో చెప్పే పని చేస్తోంది. అత్తాపూర్‌లో ఉంటుంది. మొన్న వచ్చి ఆకులూ బురదా పట్టుకెళ్లింది. ఇవాళ పొద్దున ఫోను చేసింది.

"టీచర్, ఆకు కొన చూసిన్రా? సన్నగ తోక లెక్క ఉంది. వాన నీళ్లు జారిపోయేటందుకు."

"రావి ఆకుకు ఉండదా గట్ల? నాకే పాఠం చెప్తున్నవు."

"రావి ఆకు కాదు టీచర్, ఈనెలు వేరే. బురదల దొరికిన పుప్పొడి గూడ పడమటి కనుమల తడి అడవుల చెట్లది. ఈడ అంత పెద్ద అడవి ఉండెనని చెప్పలేను. వాగు పొంటి, ఒడ్డు పొడుగునా ఒక పట్టీ కావచ్చు. వయసు ఇంక తేలాలె, వేల ఏండ్లయితె ఉంటది."

"మరి ఏమైంది ఆ అడవి?"

"వానలు తగ్గినై. భూమి చల్లబడ్డప్పుడల్లా తడి అడవులు గట్లనే కుంచించుకపోయి, కొండ సందులల్ల తల దాచుకున్నయి. మళ్ల వానలొస్తె బయటికి పాకినై, మళ్ల ఎండితె పోయినై. వచ్చేటందుకు వేల ఏండ్లు పట్టింది, కొన్నిసార్లు పోయేటందుకు అంత పట్టలే. మీ పెంటయ్య ఒడ్డు మీద పెట్టిన ముద్దలు గదే కథ. ఆ తెల్ల పొర ఎండిన కాలందే. నీళ్లు నేలలనే ఆవిరైతె సున్నం మిగులుతది."

నేను చిన్నపిల్లలా మురిసిపోయాను. అప్పుడడిగింది, బురదకు వాసన ఉందా అని. పెంటయ్య చెప్పిందే చెప్పాను: మొదటి రోజు మురిగిన గుడ్డు వాసన, రెండో రోజు కాసేపు వచ్చి పోయింది.



"పోలేదు టీచర్. ముక్కు మొద్దుబారింది. ఆ ఆకులు తెల్ల పొర మూత కింద ఇన్ని వేల ఏండ్లు మురిగి విషపు గాలి పోగైంది. ఆయన ఆ మూత పగలగొట్టిండు. ఇగ దిగనియ్యకుర్రి."

వెనక గదికి పరుగెత్తాను. పెంటయ్య గడ్డపార మొన సానబెడుతున్నాడు.

"మొన్న కండ్లు మండినయన్నవు గదా, తల తిరిగిందన్నవు."

"ఎండకు."

"వాంతి?"

"ఆమె వండిన కూరకు."

"నా కూర మీదికి తోయ్," అంది చంద్రమ్మ. "బావిల కప్పలన్ని ఎల్లెలకల పడి సచ్చినయని చెప్పినవు, అవి గూడ నా కూరే తిన్నయా?"

ఆయన నవ్వాడు. పాత రోజుల్లో దిగే ముందు కందిలి వెలిగించి తాడుతో వదిలేవాడట. అది ఆరితే ఆ రోజు దిగేవాడు కాదు. రేషన్ దుకాణంలో గ్యాసునూనె, అదే కిరోసిన్, ఆగాక కందిలి అటకెక్కింది. ఇప్పుడు తలకు కట్టుకునే బ్యాటరీ లైటు.

"దీపం ఆరలే టీచరమ్మా. ఎంత లోతుకు పోయినా ఆరలే."

"అది ఆరదు పెంటయ్యా."

"గట్లయితె మంచిదే గద."

కందిలికి గాలి కావాలి, బ్యాటరీకి అక్కర్లేదు, కింద గాలి చెడినా ఇది వెలుగుతూనే ఉంటుంది అంటే విన్నాడు, తల ఊపాడు. గడ్డపార మాత్రం పక్కన పెట్టలేదు. నేను లేస్తుంటే మెల్లగా అన్నాడు:

"పటేల్‌కు చెప్పకు. చెప్పినవంటె తవ్వే మిషిన్ పిలుస్తడు. నాకు ఇంకో బావి రాదు."

పటేలంటే వీరేందరే. మనుషుల్ని దించే యంత్రం తాళంచెవి ఆయన దగ్గరుంది, అందుకే రెండు రోజులుగా పని ఆగింది. ఢిల్లీ నుంచి వస్తున్నాడు, ఫోను ఆపేసి ఉంది. విమానం అయిదు నలభైకి దిగుతుంది, ఇంటికి పోయే దారిలోనే పెంటయ్యకు తాళంచెవి ఇచ్చి పోతాడట. రేపు పొద్దున ఆరింటికి పెంటయ్య బావిలో ఉంటాడు, నా కోసం కాడతో సహా ఆకులు ఏరుతూ.

ఈ బావి పోతే ఆయన నాతో మాట్లాడడు. చంద్రమ్మ మాట్లాడుతుందేమో, అదీ తెలియదు. ఇప్పుడు అయిదు ముప్పై ఆరు. మేడ మీదుగా ఒక విమానం కిందికి దిగుతోంది, అదే అయి ఉండాలి. వీరేందర్ బయటికి రాకముందే ఫోను చేయాలి. తాళంచెవి జేబులోంచి తీయొద్దని చెబుతాను.