ఎడమకు నడిచిన హంసలు

నాగర్‌కర్నూల్‌లో నైపుణ్యాల మీద ఒక సదస్సుకు వెళ్లాను. పోటీతత్వం, ఆధునికీకరణ అంటూ భోజనాల దాకా ఊదరగొట్టారు. మరమగ్గాల పోటీ తట్టుకోవడానికి చేనేతవాళ్లకు కంప్యూటర్ డిజైన్ నేర్పిస్తున్నారట. నేర్చుకున్న మనిషి మాత్రం ఒక్కరూ కనిపించలేదు. ఒళ్లు మండి, మర్నాడు పొద్దున్నే గద్వాల బస్సు పట్టుకున్నాను.

వనపర్తిలో బస్సు మారాలి. పెబ్బేరు దాటాక బీచుపల్లి వంతెన కింద కృష్ణ నిండుగా ఉంది. రెండు టికెట్లకూ కలిపి వంద కూడా కాలేదు. పదకొండుకల్లా గద్వాలలో దిగి, కంప్యూటర్ నేర్చుకున్న నేతవాళ్లెవరైనా తెలుసా అని ఆటో అతన్ని అడిగాను.

“పద్మక్కనే ఉంది సార్, నర్సింలు తాత కోడలు. ఇయ్యాలనే ఆమె డిజైన్ మగ్గమెక్కిస్తున్రు. కూసోండ్రి.”

నర్సింలు మగ్గం మీద ఉన్నాడు. పద్మ భర్త బిల్డింగ్ పనికి పుణె పోయాడు. “ఈ కొంగు షాపోళ్లకు నచ్చకుంటే మగ్గం ఇప్పేసి మేం గూడ పుణెకే పోతం సార్,” అందామె.

నేసేటప్పుడు చీర మంచివైపు కిందికి ఉంటుంది. జానెడు నేశాక పద్మ మగ్గం కింద అద్దం పెట్టి చూసి ఏడ్చేసింది. అద్దంలో దిక్కు మారేది లెక్కేసుకున్నా, హంసలు ఎడమకు నడుస్తున్నాయి! పెళ్లి చీర మీద కుడికే నడవాలని ఇక్కడివాళ్ల పట్టింపు.

“మగ్గం మీద చూసే అలవాటు మామా! ఎనకవైపు ఎట్ల కనబడ్తదో గట్లనే గీసిన. కంప్యూటర్ గదే మంచివైపు అనుకుంది.”

నర్సింలు అద్దంలోకి చాలాసేపు చూశాడు. “ఏడుస్తవేంది? బొమ్మ మంచిగొచ్చింది. దిక్కు మారుస్తే అయిపాయె.”

కంప్యూటర్ డిజైన్ ప్రకారం చిల్లులు కొట్టి మగ్గానికి తగిలించిన అట్టల దండను విప్పి, ఇద్దరూ కలిసి తిరగేసి కట్టారు. నేసింది ఊడదీసి మళ్లీ మొదలుపెట్టారు. మూడింటికి ఈసారి ముసలాయనే అద్దం పట్టుకున్నాడు. హంసలు కుడికి నడుస్తున్నాయి.

“పుణెకు ఫోన్ కొట్టు పద్మా. ఇప్పుడే రమ్మనకు, బొమ్మ వచ్చిందని మాత్రం చెప్పు. రేపు కంప్యూటర్ నేర్పే సెంటర్‌కు నన్ను గూడ తీస్కపో. నేను గూడ జర నేర్సుకుంట.”

తిరుగు బస్సులో సదస్సు మీద కోపం సగం తగ్గింది. వాళ్లు చెప్పింది తప్పేం కాదు. ఆ కంప్యూటర్ ఈ ఇంటి దాకా వచ్చింది, మామ కూడా నేర్చుకుంటానంటున్నాడు. నాకు నిజంగా సంతోషమేసింది.

మీరూ వెళ్తే మగ్గాలు ఆడే వేళకే వెళ్లండి. మగ్గం మీద చీరను పైనుంచి చూసి వచ్చేయకండి, ఆ అద్దం ఒకసారి అడగండి.