తన బార్‌లో తనే సోడా కొనుక్కున్న అన్నయ్య

నేను మొదటిసారి సింగపూర్ వెళ్ళింది ఊరు చూడటానికి కాదు. అమీర్‌పేటలో ఏ మెట్లెక్కినా కంప్యూటర్ కోర్సుల బోర్డు కనిపించే రోజులవి. అందరూ సాఫ్ట్‌వేర్‌లోకి పరిగెడుతుంటే, సింగపూర్‌లో ప్రోగ్రామర్‌గా ఉన్న మా రమేష్ అన్నయ్య ఆ ఉద్యోగం మానేసి లిటిల్ ఇండియాలో చిన్న బార్ పెట్టాడు. తెనాలి చుట్టాలకు మాత్రం హోటల్ అని చెప్పాం. చూసి వద్దామని నేను వెళ్ళేసరికి బార్ నడుస్తోంది గానీ, అందులో పనిచేయడానికి అన్నయ్యకు అనుమతి రాలేదు.

విదేశీయుడు అక్కడ వ్యాపారంలో వాటా పెట్టడం వేరు, అందులో నిలబడి పనిచేయడం వేరు. రెండోదానికి విడిగా పాస్ కావాలి. మొదటిసారి పాస్‌లిచ్చే ఆఫీసులో కాదన్నారు. మళ్ళీ పరిశీలించమని అడిగితే భాగస్వామిని వెంటబెట్టుకుని రమ్మన్నారు. ఈసారీ కాదంటే దేశం వదలాల్సిందే. అందాకా అన్నయ్య కౌంటర్ వెనక్కి అడుగుపెట్టకుండా, ఇవతలి స్టూల్ మీద కూర్చుని, తన బార్‌లో తనే సోడా కొనుక్కుని తాగేవాడు. కౌంటర్ చూసుకునేది భాగస్వామి సెల్వి అక్క. అక్కడే పుట్టి పెరిగిన తమిళావిడ.

రమ్మన్న రోజు పొద్దున్నే జురాంగ్ వెస్ట్‌లోని ఫ్లాట్ నుంచి బస్సులో వచ్చి, బూన్ లే స్టేషన్‌లో రైలెక్కాం. నగరం నడిబొడ్డుకు ముప్పావు గంట ప్రయాణం, రైలు మారే పని లేదు, టికెట్టు రెండు డాలర్ల లోపే. అన్నయ్య దారంతా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. దిగాక, తిండి కొట్లన్నీ ఒకే కప్పు కింద ఉండే హాకర్ సెంటర్‌కు వెళితే, సెల్వి అక్క అప్పటికే బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి మాకు చోటు ఆపి ఉంచింది.

“చోప్ చేసినాను, కూర్చోండి. ఫస్ట్ మకాన్,” అంది, తెలుగు కస్టమర్ల దగ్గర నేర్చుకున్న తెలుగులో సింగపూర్ మాటలు కలుపుతూ.

“తినబుద్ధి కావట్లేదక్కా,” అన్నాడు అన్నయ్య.

“ఖాళీ కడుపుతో ఆఫీసర్ ముందు నోరు రాదు లా. తిను.”

ఆఫీసులో మమ్మల్ని పిలిచిన చైనీస్ అమ్మాయి మర్యాదగానే అడిగింది. “మీరు లేకుండానే బార్ నడుస్తోంది కదా. ఇక మీరెందుకు?”

అన్నయ్య నోరు తెరిచేలోపు సెల్వి అక్కే అందుకుంది. “నడుస్తోంది మేడమ్. గ్లాసు నేను నింపి ఇస్తాను. కానీ మా దగ్గరికొచ్చే ఐటీ పిల్లలు నాతో ఏం మాట్లాడతారు? ఎవరు తినలేదో, ఎవర్ని ఇక చాలని టాక్సీ ఎక్కించాలో ఇతనికే తెలుసు. మా దగ్గర పనిచేసే ఇద్దరూ ఈ ఊరివాళ్ళే. ఇతన్ని పంపేస్తే నేనూ మూసేస్తాను.”

ఆఫీసరమ్మాయి అన్నయ్య వైపు చూసింది. “ప్రోగ్రామ్ రాయడానికి నా బదులు ఇంకొకరు దొరుకుతారు మేడమ్,” అన్నాడు మెల్లగా. “బార్‌కి మాత్రం నాకోసం వస్తారు.”

మధ్యాహ్నం మళ్ళీ రమ్మన్నారు. నది ఒడ్డున అటూ ఇటూ తిరిగాం. తిరిగి వెళితే పాస్ చేతికిచ్చారు. అన్నయ్య దాన్ని జేబులో పెట్టుకుని, తీసి చూసుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు.

టాక్సీ నడిపే పెద్దాయన “షాపింగా?” అని అడిగాడు.

“కాదంకుల్, పనికెళ్తున్నా,” అన్నాడు అన్నయ్య. నేను కిటికీ వైపు తిరిగిపోయాను.

బార్‌లో కౌంటర్ వెనక్కి వెళ్ళి కాసేపు శుభ్రంగా ఉన్న చెక్కనే తుడుస్తూ నిలబడ్డాడు. సెల్వి అక్క ఇవతల కూర్చుని కాళ్ళు చాపుకుని, “నాకొక లైమ్ జ్యూస్,” అంది.

ఆ బార్ కొన్నేళ్ళు బాగా నడిచింది. తర్వాత ఐటీ జోరు తగ్గి, వచ్చేవాళ్ళు తలో దేశం వెళ్ళిపోయారు, అన్నయ్యా మూసేశాడు. ఇప్పుడు సింగపూర్‌లోనే సెంగ్‌కాంగ్‌లో ఉంటున్నాడు. పోయినసారి వెళ్ళినప్పుడు బార్ ఉన్న ఆ వీధికి నడిచాను. అక్కడ మొబైల్ ఫోన్ల కొట్టుంది. గుమ్మం ముందు కాసేపు నిలబడితే, సాయంత్రమయ్యేసరికి ఐడీ కార్డులు మెడలోంచి తీసి జేబుల్లో కుక్కుకుంటూ, తెలుగులో గట్టిగా మాట్లాడుకుంటూ వచ్చే ఆ కుర్రాళ్ళందరూ గుర్తొచ్చారు. పరాయి ఊళ్ళో పేరు పెట్టి పిలిచి, తిన్నావా అని అడిగే చోటు ఒకటి ఉండేది వాళ్ళకి.

అక్కడ సొంత వ్యాపారం పెట్టాలనుకునేవారికి ఒక్క మాట: నిబంధనలు మారుతుంటాయి, అన్నయ్యకు దొరికిన దారి ఇప్పుడు ఉండకపోవచ్చు. ముందే కనుక్కోండి. ఆ వ్యాపారంలో పనిచేసే అనుమతి ఖాయమయ్యేదాకా ఉన్న ఉద్యోగం వదలకండి.