అవ్వ బూడిద చిప్ప

పొద్దున చీర కొంగులో పోగు తెగితే, కొసలు రెండూ కలిపి మెలేస్తాంటి. నా చెయ్యి దానంతటదే ఎడంపక్కకు పోయింది.

జమ్మలమడుగు మగ్గాల ఇండ్లలో పెరిగినోళ్లారా, గుర్తుందా? ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో మాట. మగ్గం మీద నిలువు పోగులు, అదే పాత పడుగు, అయిపోతే, కొత్త పడుగు పోగులు ఒక్కొక్కటే దానికి అతకాల. మా అవ్వ ఎడంపక్క టెంకాయ చిప్పలో బూడిద పెట్టుకోని, పోగు జారకుండా వేళ్లకద్దుకుంటా మెలేస్తాండె. చూపు పిల్లోళ్లం మా మీద, తిట్లూ మా మీదే.

ఒకపొద్దు అడిగితి, "అవ్వా, ఏ వేలు ముందు తిప్పుతాండావు?"

అవ్వ తన వేళ్లకల్లా చూసుకునింది. అంతే, పోగు తప్పింది.

"నన్నడగాకు పాపా, వాటినే అడుగు!" అని నా వేళ్లు తన వేళ్ల కింద పెట్టుకునింది.

ఈ పొద్దు నా చెయ్యి పోయింది ఆ చిప్ప కోసమే. ఆడ టీవీ రిమోటు ఉండాది. పోగు మాత్రం అతుక్కునింది.