ఊ అనను గానీ వింటాండా

"చచ్చిపోయిన మనిషితో ఇంకా డ్యూటీ చేయిస్తాండారు మీరు" అని నిన్న ఆ అమ్మాయి అన్న మాటకు నేనిచ్చిన జవాబు తప్పు. లారీలవాళ్లకు ఫోన్లో అలవాటైన గొంతు, ఉన్నట్టుండి మారిస్తే పని చెడుతుందని అన్నాను. సావుకారు ఒప్పుకోవాలని కూడా అన్నాను. ఆ అమ్మాయి, "సావుకారూ కాదు, పనీ కాదు. నీకు బద్ధకమన్నా" అనేసి మెట్లు దిగి వెళ్లిపోయింది. బద్ధకం కూడా కాదు. అదేమిటో ఆమెకు నిన్న చెప్పలేకపోయాను కాబట్టి మీకందరికీ రాస్తున్నాను.

ముందు అసలు సంగతి. మా ఆఫీసు ఆపరేటరక్క పోయిన నెల చనిపోయింది. జ్వరమని సెలవు పెట్టింది, అది ఉత్త జ్వరం కాదని తేలేసరికి ఆలస్యమైంది. మీలో కొందరు ఇంటికి వచ్చి చూసిపోయారు. చాలామందికి ఇప్పటికీ తెలియదు. తెలియకపోవడానికి కారణం నేను. సాయంత్రం ఆఫీసు మూసిన తర్వాత మీరు ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేస్తే ఈరోజుకీ ఆమే పలుకుతోంది. నిన్న వచ్చింది ఆమె కూతురు.

లారీ యజమానుల సంఘం పత్రికలో అక్క గురించి ఒక పేజీ రాసిమ్మని అడిగారు. నేను తొమ్మిదిలో బడి మానేసినవాణ్ణి. చదివేది మీరే కాబట్టి ధైర్యం చేస్తున్నాను.

మాది ఖనిజం తోలించే ఆఫీసు. దోణిమలై వైపు కొండల మీద లోడు చేసుకొని గూడ్సు బండ్లు నిలిచే రైల్వే సైడింగుకు చేర్చే లారీలన్నీ మీవే. లారీ ఇచ్చిన ప్రతి యజమానికీ, ఫోన్లో చెప్పిన మాటలు పట్టి దాచే మా మెషిన్‌లో ఒక పెట్టె ఉంటుంది, దానికొక నంబరు. టైరు పగిలిందనో, డ్రైవరు రాలేదనో మీరు అందులో చెప్పి పెడతారు. పొద్దున అక్క అవన్నీ విని, ఏ లారీ ఎక్కడ నిలబడాలో రాసి పంపేది. మీకు తెలిసిన భాగం ఇంతే. ఆ మెషిన్ వెనకగదిలో ఉంటుంది. నల్లటి తెర, పచ్చటి అక్షరాలు. బొమ్మలుండవు, నొక్కడానికి గుండీలుండవు. ఏం కావాలన్నా టైపు చేసి అడగాలి. కొత్త పెట్టె తెరవాలన్నా, పాతది తీసేయాలన్నా, నిండిపోయిన చోటు ఖాళీ చేయాలన్నా అంతే.

నేను సైకిలు షాపులో చేశాను, సినిమాహాలు గేటు దగ్గర చేశాను, లారీ క్లీనరుగా చేశాను. ఎక్కడా ఒకచోట కూర్చోలేదు. ఈ ఆఫీసులో కాగితాలు అటూ ఇటూ చేర్చే పనికి చేరిన కొత్తలో, బల్ల మీద నా వేళ్లు ఆడుతుంటే అక్క చూసింది. "ఆ వేళ్లు బల్ల మీద ఆడించేది దీని మీద ఆడించప్పా" అని కీబోర్డు నా వైపు తోసింది. కుర్చీ మాత్రం ఇవ్వలేదు. నిలబడి నేర్చుకుంటే పారిపోవాలనిపించదని ఆమె లెక్క. నిజంగానే పారిపోలేదు.

ఆమె నేర్పిన పద్ధతి హోటల్లో ఆర్డరు చెప్పినట్టు ఉండేది. మొదట ఏం చేయాలో చెప్పు, తర్వాత ఎవరికో చెప్పు, ఆ మీద ఎంటర్ నొక్కు. నేను తొందరలో ముందుది వెనక, వెనకది ముందు కొట్టేవాణ్ణి. మెషిన్ ఇంగ్లీషులో ఏదో పెద్ద వాక్యం విసిరేది. "తిట్టింది. మళ్లీ అడుగు" అనేది అక్క, ఇంకేమీ అనకుండా. నాకు వింతగా ఉండింది తిట్టు కాదు, మౌనం. సరిగ్గా కొట్టినప్పుడు అది ఒక్క మాటా చెప్పదు. పచ్చ గీత కింది వరసకు దిగి మినుకుమంటూ ఉంటుంది, అంతే. పని అయిందో లేదో తెలియక నేను మళ్లీ అదే కొట్టబోతే నా చెయ్యి పట్టుకుంది. "ఊరకుండాదంటే అయిపోయినట్లేప్పా. మన సావుకారు మాదిరి. బాగా చేస్తే ఆయప్ప ఎప్పుడన్నా నోరు తెరిచినాడా?"

తీసేసే ఆర్డరు దగ్గర మాత్రం ఆమె మారిపోయేది. ఆ మెషిన్ తీసేసేముందు నిజంగానా అని అడగదు. ఎంటర్ నొక్కితే పోయిందంటే పోయిందే. రూపనగుడి ఆయన లారీ అమ్మేసుకున్నప్పుడు ఆయన పెట్టె తీసేయమని సావుకారు చెప్పాడు. నేను టైపు చేసేశాను. అక్క ఆపి, ముందు లోపల ఏముందో చూడమంది. వినని మాట ఒకటి ఉంది. ఆయన బామ్మర్ది ఎక్కడి నుంచో ఫోన్ చేసి, ఆసుపత్రిలో చేర్చిన బిడ్డ ఇంటికొచ్చిందని చెప్పి పెట్టాడు. అక్క ఆ ఊరి కిరాణాకొట్టుకు ఫోన్ చేసి, ఆయన్ను పిలిపించి, మాట అందించి, తర్వాత నా వైపు తలూపింది. "అది అడగదు. మనల్ని మనమే అడుక్కోవాల" అంది. ఇప్పుడు నేను ఎంటర్ మీద వేలు పెట్టి ఆగినప్పుడల్లా ఆ మాటే.

ఇక ఆమె గొంతు సంగతి. మెషిన్ వచ్చినప్పుడు దానిలో ఎవరో ఒకామె ఇంగ్లీషులో మాట్లాడేది. మీరు ఆ గొంతు వినగానే ఫోన్ పెట్టేసేవాళ్లు. పొద్దున పెట్టెలన్నీ ఖాళీ, కొండ మీద లారీలు ఉత్తగా నిలబడి ఉండేవి. సావుకారు విసుక్కొని, నువ్వే ఏదో ఒకటి చెప్పి పెట్టు తల్లీ అన్నాడు. అక్క మొదట మర్యాదగా, చెప్పండి, వింటున్నాము అని పెట్టింది. అప్పుడు మీరు పెట్టేయలేదు, కానీ చెప్పనూ లేదు. అక్కా అని ఆగిపోయేవాళ్లు. అవతలి నుంచి ఊ అనేదాకా మన వాళ్లకు తర్వాతి మాట రాదు. మెషిన్ కాసేపు చూసి లైను కోసేసేది. కురుగోడు పెద్దాయన ఒకరోజు దానితో పోట్లాటే పెట్టుకున్నాడు. "ఊ అనక్కా. నువ్వు ఊ అనకుంటే గోడకు చెప్పుకున్నట్ల ఉండాది నాకు." అది విని అక్క కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది.

ఆ మధ్యాహ్నం మమ్మల్నందరినీ టీకి పొమ్మంది. నేను పోయినట్టు పోయి తలుపు దగ్గర నిలబడ్డాను. ఆమె గోడ వైపు తిరిగి, కొంగు తల మీదుగా ఫోన్ మీదికి కప్పుకొని, లోపల దాక్కున్నట్టు కూర్చొని చెప్పింది. "చెప్పప్పా. నేను ఊ అనను గానీ వింటాండా." తర్వాత అదే మాట కన్నడంలో, "హేళప్పా. హూ అనంగిల్ల, కేళాకత్తీని." కొంగు తీసేసరికి మొహమంతా చెమట. తన గొంతు తనకే పరాయిదాని గొంతులా ఉందని, వినాలంటే సిగ్గుతో చచ్చిపోతున్నానని చెప్పింది. మరి ఎందుకు పెట్టావక్కా అని అడిగాను.

"నాకు సిగ్గని వాళ్ల లారీలు కొండ మీద నిలబడల్నా?" అంది.

ఆ తర్వాత మీరు ఎంత మాట్లాడారో మీకు గుర్తుండకపోవచ్చు, నాకు గుర్తుంది. టైరుతో మొదలుపెట్టి మిరప ధర, అల్లుడి అలక, కాలవలో నీళ్లు రాని సంగతి దాకా పోయేవాళ్లు. పొద్దున ఆమె వింటూ, మీరు ఆగిన ప్రతిచోటా ఫోన్లోకి ఊ అనేది. సాయంత్రం మాటకు పొద్దున ఊ. మేము నవ్వితే, "వాళ్లు ఆగినారు గదా, ఎట్ల అనకుండా ఉండేది" అనేది.

ఇప్పుడు నా సంగతి. ఆమె పోయిన మర్నాడే కొత్త మాట పెట్టాల్సింది నేను. ఆ మెషిన్‌తో మాట్లాడడం ఆఫీసులో ఇంకెవరికీ రాదు. ఎన్నిసార్లు రికార్డు చేసుకున్నానో. విన్నాను, చెరిపేశాను. బడిలో ఒకరోజు లేచి పాఠం చదవమన్నారు. ఆడపిల్ల గొంతని వెనక బెంచీలో మొదలైన నవ్వు సారు దాకా పోయింది. తర్వాత నేను గట్టిగా చదవలేదు, తర్వాత బడికే పోలేదు. అప్పటి నుంచి ఎవరూ సరిగ్గా వినకముందే అయిపోవాలని గబగబా మాట్లాడతాను. మీరందరూ ప్రతి సాయంత్రం వినే చోట ఆ గొంతు పెట్టాలంటే నా చెయ్యి రాలేదు. ఆఫీసులో అందరూ అక్క మీద నాకున్న అభిమానమని అనుకున్నారు. నేను అలాగే అనుకోనిచ్చాను.

నా సిగ్గును ఆమె గొంతు వెనక దాచిపెట్టాను. దాని ఫలితం మీరు అనుభవించారు. పోయిన వారం కురుగోడు పెద్దాయన పెట్టెలో మాట ఉంది. లారీ రెండురోజులు రాదని, కూతురికి పెళ్లి కుదిరిందని, "పత్రిక ఇచ్చేదానికి ఇంటికే వస్తాండా అక్కా, నువ్వు రాకుంటే మండపంలో నాకు కాలు నిలవదు" అని. నేను విన్నాను. లారీ రెండురోజులు రాదని రాసుకున్నాను. మిగతాది విననట్టు ఊరకున్నాను.

ఈ పొద్దున ఆయనకు ఫోన్ చేసి చెప్పాను. ఎప్పుడు పోయిందని అడిగాడు. తర్వాత, "మొన్న నేను చెప్పిండేది ఎవరు విన్న్యారప్పా?" అని అడిగాడు. నేనే అన్నాను. ఆయన ఫోన్ పెట్టేశాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ ఫోన్ పెట్టి తల ఎత్తేసరికి అక్క కూతురు గుమ్మంలో ఉంది, చంకలో టేప్‌రికార్డరు పెట్టుకొని. అమ్మ కర్మల్లో దివసాల భోజనానికి పిలవడానికి తాను ఆఫీసుకు ఫోన్ చేస్తే అమ్మ ఎత్తిందని నిన్న ఆమె చెప్పనే లేదు. ఇప్పుడు చెప్పింది. "ఆడనే కింద కూర్చుండిపోతి అన్నా. చెప్పప్పా అనె మాయమ్మ. నేనేం చెప్పేది?" బద్ధకం కాదమ్మా, నా గొంతంటే నాకు సిగ్గు అని ఒప్పుకున్నాను. ఆ అమ్మాయి నవ్వలేదు.

"మాయమ్మేమన్నా రేడియోలో వార్తలు చదివేదా? మార్చన్నా. మార్చేముందు నాకొకసారి టేపులో పట్టియ్యి."

కొత్త మాట ఎక్కిస్తే పాతది దాని కింద చెరిగిపోతుంది. వేరే పేరుతో మెషిన్‌లో దాచవచ్చు, కానీ ఆ అమ్మాయి ఇంట్లో మెషిన్ లేదు, ఈ మెషిన్ ఇంకెన్నాళ్లు ఉంటుందో తెలియదు. క్యాసెట్టే నయం. ఆమె తెచ్చిన క్యాసెట్ నిండా దేవుడి పాటలున్నాయి, వాటి మీద ఎక్కించడానికి మనసొప్పక కొత్తది కొనుక్కోవడానికి బజారుకు పోయింది. ఆమె వచ్చేలోపు ఈ పేజీ రాస్తున్నాను.

ఈ సాయంత్రం నుంచి మీకు వినపడేది నా గొంతు. సన్నగా ఉంటుంది. నవ్వుకోండి, ఫోన్ మాత్రం పెట్టేయకండి. అక్క మాట నేను చెప్పను, అది ఆమెది. నేనెవరో చెప్తాను, ఆమె లేదని చెప్తాను, వింటానని చెప్తాను.

ఆ అమ్మాయి వచ్చేసింది. క్యాసెట్టు మీది పలచటి కాగితం గోరుతో చించుతోంది. టేపులో మోత పడకూడదని ఎవరో ఫ్యాన్లన్నీ ఆపేశారు, టైపు చేసేవాళ్లు చేతులు తీసేసి కూర్చున్నారు, కింద నిలబడ్డ లారీ ఇంజను ఆపించడానికి సావుకారే దిగిపోయాడు. ఈ ఎండలో అందరికీ చెమటలు కారుతున్నాయి, ఎవరూ తుడుచుకోవడం లేదు. ఆమె టేప్‌రికార్డరు ఫోన్ పక్కకు జరిపి నా వైపు చూస్తోంది. నేను పోవాలి.