కాస్టిక్ వడ్డ కన్నుతోని మళ్లా ఇంజన్ కాడికి

మా దిక్కు కరెంటు ఇంకా సరిగ రాని రోజులవి. సుల్తానాబాద్‌ల నేను పనిచేసే రైసు మిల్లంత ఒక్క ఆయిల్ ఇంజన్ మీదనే నడిచేది. దాని డ్రైవర్‌ను నేనే. నా పేరు మల్లయ్య.

ఎండకాలం ఒకనాడు పొద్దుగాల ఇంజన్ బందువెట్టి దాని మీది ఇనుప మూత, అదే హెడ్, ఊడదీసినం. దానికి పట్టిన మసి, జిడ్డు పోవాలంటె కాస్టిక్ సోడా కలిపిన వేడినీళ్ల తొట్టిల నానవెట్టాలె. హెడ్ ఇద్దరు మనుషులకు లేవనంత బరువు. కప్పికి నారతాడు కట్టి మెల్లగ దించుతున్నం. కాస్టిక్ తాకి తాకి తాడు లోపల పుచ్చిపోయిందని ఎవ్వలకు తెల్వలే. తటుక్కున తెగింది. హెడ్ తొట్టిల వడ్డది, నీళ్లు ఎగిరి నా మొఖం మీద వడ్డయి.

మొదలు సబ్బునీళ్లు వడ్డట్టు జారుడు జారుడుగ అనిపిచ్చింది. అంతల్నే కండ్లల్ల నిప్పులు వోసినట్టయింది. తెరుద్దమంటె రెప్పలు లేవలే.

నా భార్య రాజవ్వ అదే మిల్లుల వడ్లు చెరుగుతది. నా కేక ఇని ఉరికొచ్చింది. బస్తాలు మోసే ఓదేలు "ఆముదం పొయ్యుండ్రి, సల్లవడ్తది" అన్నడు.

"ఏం పొయ్యద్దు బావా" అన్నది రాజవ్వ ఓదేలుతోని. "గోడలకు సున్నం ఏస్తుంటె నా కంట్ల వడ్డది. నీళ్లతోని కడిగితెనే తగ్గింది."

వడ్లు నానవోసే హౌజు కాడికి నన్ను గుంజుకపోయింది. వేళ్లతోని రెప్పలు విడదీసి, చెంబుతోని మంచినీళ్లు పోస్తనే ఉన్నది. నేను చాలు చాలు అంటుంటె, "ఊకో, దవాఖానకు తీస్కపోయే లారీ వచ్చేదాక పోస్త" అన్నది. గా తర్వాతనే కరీంనగర్ దవాఖానకు తీస్కపోయిన్రు.

డాక్టర్ సాబ్ టార్చిలైటు ఏసి చూసి, ఎవరు కడిగిన్రని అడిగిండు.

"నేనే సారూ" అన్నది రాజవ్వ భయపడుకుంట.

"మంచి పని చేసినవమ్మా. ఇది అల్కలీ, అంటే క్షారం. కడగకపోతే లోపలికి తినుకుంటూ పోయేది. ఎడమ కన్ను బాగైతది. కుడి కన్ను కార్నియా, అంటే నల్లగుడ్డు మీది పొర, తెల్లవడ్డది. దాని సంగతి ఇప్పుడే చెప్పలేను."

రెండు కండ్లకూ కట్టు కట్టిన్రు. దినాం అట్రోపిన్ డ్రాప్స్ ఏసుడు, ఆయింట్‌మెంట్ రాసిన గాజుపుల్లను కుడి రెప్ప కింద తిప్పుడు. రెప్ప గుడ్డుకు అంటుకోవద్దని సిస్టరమ్మ చెప్పేది. గా పుల్ల పట్టుకోని వస్తుంటె ఆమె చెప్పుల సప్పుడుకే నా ఒళ్లంత బిగుసుకపోయేది.

ఎడమ కన్ను కట్టు ఇప్పిన్నాడు నాకు మొదలు కనవడ్డయి రాజవ్వ చేతులు. నన్ను కడిగిన వేళ్లకు తోలు లేసిపోయి ఎర్రగున్నయి. అన్ని దినాలు పక్కనే కూసోని తినవెట్టింది గని, గా ముచ్చట నాకు చెప్పనే లే. గా పొద్దు నేను ఏడ్సిన.

ఇంటికి పోవచ్చనుకునేసరికి కుడి రెప్ప ఒక మూల గుడ్డుకు అతుక్కున్నది. "సింబ్లెఫరాన్ అయింది. పట్నం పెద్ద కండ్ల దవాఖానకు పోండి, విడదీస్తరు" అన్నడు డాక్టర్ సాబ్. పట్నంల ఆపరేషన్ చేసిన్రు. కట్టు తీస్తె ఆ కంట్ల అంత తెల్లటి పొగనే. కొన్ని దినాలకు కిటికీ ఎలుగు తెలిసింది. తర్వాత మనిషి ఆనవడ్డడు. ఓపికతోని డ్రాప్స్ ఏసుకుంట పోంగ పోంగ గోడమీది చార్టుల పెద్ద అంకెలు, ఆటెన్క చిన్నయి చదివిన. పట్నం డాక్టర్ నా భుజం తట్టి, "ఇగ పనికి పో" అన్నడు.

మిల్లుకు పోతె యజమాని సేటు ఇంజన్ కాడికి రానియ్యలే. "మల్లయ్యా, బెల్టు కాడ చూపు తప్పితే చెయ్యి పోతది. తూకం కాడ కూసో."

"జర నన్ను చూసినంక చెప్పు సేటూ" అన్న. ఎడమ కన్ను అరచేత మూసుకోని, ఇంజన్ పెద్ద చక్రం, ఫ్లైవీల్ మీది గీత ఏడున్నదో దూరం నుంచే చూపెట్టిన. గా గీతను జాగకు తెచ్చి ఇంజన్ స్టార్ట్ చేసిన. ఒక్క ఊపుకే అందుకున్నది. మిల్లంత దడదడలాడింది. చెరిగేటోళ్లు చాటలు పక్కకువెట్టి చూసిన్రు. రాజవ్వ నవ్వుకుంట నిలవడ్డది.

"ఇంజన్ మళ్లా నీదే. ఇంకేం గావాలె నీకు?" అన్నడు సేటు.

"నారతాడుకు బదులు ఇనుప గొలుసు, కండ్లకు అద్దాలు, చేతులకు రబ్బరు తొడుగులు, తొట్టి పక్కన మంచినీళ్ల డ్రమ్ము" అన్న. వారం తిరగకముందే అన్నీ తెప్పిచ్చిండు.

ఇప్పుడు మెట్‌పల్లి, మంథని దిక్కు మిల్లులోళ్లు గుడ ఇంజన్ మరమ్మత్తుకు నన్ను పిలుస్తరు. పొద్దూకితె కుడికంట్ల జర మసక ఉంటది గని, పనికి ఏం అడ్డం రాలే.

చదివేటోళ్లకు నేను చెప్పేది ఒక్కటే. కాస్టిక్ గాని, బ్యాటరీ ఆసిడ్ గాని కంట్ల వడితె, దవాఖానకు ఉరుకుడు తర్వాత. పాలు, ఆముదం పొయ్యకుండ, రెప్పలు విడదీసి మంచినీళ్లతోని అక్కడికక్కడనే కడుగుండ్రి. చాలనిపిచ్చినా ఇంకా కడుగుండ్రి.