లాగ్‌బుక్‌లోకి ఎక్కని దెబ్బ

2022 ఎండాకాలం. అనకాపల్లిలో నా ఫ్యాబ్రికేషన్ షెడ్డు పెట్టి అప్పటికి పంతొమ్మిదేళ్లు. బెల్లం గానుగలు, ట్రాక్టర్ తొట్టెలు బాగుచేయడమే నా పని. రేస్ కారు మీద చెయ్యి వేయడం అదే మొదలు.

దేవరాపల్లి చెరకు రైతు సన్యాసినాయుడు కూతురు హేమ రెండేళ్లుగా గోకార్టింగ్ అనే చిన్న కార్ల పోటీలకు వెళ్తోంది. ఆ పిల్ల కోసం పాత సింగిల్ సీటర్ ఒకటి కొనాలనుకున్నాడు. పైకప్పు లేకుండా, చక్రాలు బయటికి ఉండి, ఒక్కరే కూర్చునే కారు. కొనేముందు దాని చాసిస్, అంటే ఇనుప చట్రం, చూసిపెట్టమని నన్ను అడిగాడు.

అమ్మేవాడు ప్రభుదాసు, మా ఊరివాడే. చెన్నైలో ఒక రేసింగ్ టీముకు మెకానిక్‌గా చేశాడు. టీము మూతపడ్డాక ఓనరు ఈ కారు ఇచ్చేస్తే తెచ్చుకున్నాడు. దాంతోపాటు లాగ్‌బుక్ కూడా తెచ్చాడు. ప్రతి రేసు ఫలితం, తగిలిన దెబ్బలు అందులో రాసి రేసు అధికారులు సంతకం పెడతారు. పదకొండు రేసులు, నాలుగు గెలుపులు. దెబ్బ ఒక్కటీ లేదు. అంత శుభ్రమైన చరిత్ర నాకు మింగుడుపడలేదు.

అతని దగ్గరున్న, గెలిచిన రోజుల ఫొటోలు చూశాను. వాటిలో ముందు స్ప్రింగులు ముక్కు లోపల ఉన్నాయి. చక్రం కుదుపును పుష్‌రాడ్ అనే సన్నటి కడ్డీ లోపలికి తీసుకెళ్తుంది. నా ముందున్న కారుకు స్ప్రింగులు బయట, చక్రాల పక్కన ఉన్నాయి. గెలిచిన కారు కాగితాలు వేరే కారుకు తగిలించాడనుకుని, ఆ మాటే నాయుడి చెవిలో వేశాను.

"అదే బండి మేస్త్రీ. స్ప్రింగులు నేనే బయటికి మార్చేను," అన్నాడు ప్రభుదాసు. ఎందుకో చెప్పలేదు. రంగు గీకి చూస్తానంటే వద్దన్నాడు. నా అనుమానం ఇంకా గట్టిపడింది.

హేమ కల్పించుకుంది. "గీకెయ్యండి మావయ్యా. అందులో పెట్టేది నా కాళ్లే కదా."

గీకాను. స్ప్రింగులు పట్టుకునే పాత బ్రాకెట్లు కోసిన మచ్చలు ఫొటోల్లో ఉన్నచోటే బయటపడ్డాయి. అది గెలిచిన కారే. నాకు తల కొట్టేసినట్టయింది. అయినా ఆ మనిషి ముఖంలో భయం పోలేదు. దాంతో ఇంకాస్త ముందుకు గీకాను. డ్రైవరు పాదాలు ఉండేచోట చట్రం కింది గొట్టం కోసి, కొత్త ముక్క అతికి, వెల్డింగు కనబడకుండా అరగదీసి ఉంది. దాని అంచున వెంట్రుకంత పగులు.

ప్రభుదాసు అక్కడే స్టూలు మీద కూలబడ్డాడు. టెస్టింగ్ రోజున బ్రేకు పట్టక కారు గోడను గుద్దిందట. డ్రైవరు కాళ్లు రెండూ విరిగాయి. రేసు కాదు గనుక అధికారులు లేరు, ఓనరు ఎవరికీ చెప్పనివ్వలేదు. ముందు భాగం వంకరపోయి స్ప్రింగులు లోపల కుదరలేదు.

"బ్రేకు పైపు బిగించింది నేనే," అన్నాడు. "ఆ మాట నోట్లోంచి వత్తే ఇంకెవరూ నాకు పని ఇవ్వరనుకున్నాను."

నాయుడు లేచాడు. "పద అమ్మా, ఈ బండి మనకొద్దు."

హేమ కదల్లేదు. ఆ పగులు మీద వేలు పెట్టి, ప్రభుదాసును అడిగింది: "ఆ పైపు ఇప్పుడైతే ఎలా బిగిస్తారో నాకు చూపించండి."

ఆయన చూపించాడు. రెండుసార్లు విప్పి బిగించాడు. ఆ తర్వాత లాగ్‌బుక్‌లో ఆ రోజు జరిగిందంతా తన చేత్తోనే రాసి సంతకం పెట్టాడు. అది చూసి నాయుడు మనసు మార్చుకుని కారు కొన్నాడు. కారు ముందు భాగం మొత్తం కోసేసి, ఆయన గీసిన కొలతలతో రెండు నెలలు కష్టపడి కొత్తగా కట్టాం. అధికారులు పరీక్షించి ఒప్పుకున్నారు. మొదటి రేసులో హేమ తొమ్మిదో స్థానంలో వచ్చింది. ప్రభుదాసు ఇప్పుడు ఆమె మెకానిక్.

ఆ రోజు నేను ఆయన్ని దొంగను చూసినట్టు చూశాను. ఏం జరిగిందని నెమ్మదిగా ఒక్కసారీ అడగలేదు. ఇప్పుడు అతుకు వేసిన బండి ఏది వచ్చినా వెంటనే పనిముట్టు పట్టుకోను. తెచ్చిన మనిషికి కుర్చీ వేసి, దెబ్బ ఎవరికి తగిలిందని ముందు అడుగుతాను. చాలామంది చెప్పేస్తారు.