రాజులమ్మ బొమ్మలు కంప్యూటరు మారాయి

నర్సీపట్నం పెదబొడ్డేపల్లిలో ఉండే రాజులమ్మ పండగలకు లైట్ల బొమ్మలు గీస్తుంది. భర్త మంగరాజుది మైకు సెట్టు, లైటింగు వ్యాపారం. ఊళ్ళోకి వచ్చే దారి మొగలో వెదుళ్ళు పాతి, వాటికి బల్బుల బోర్డులు కట్టడం ఆయన పని. ఆ బోర్డు మీద నెమలి పురి విప్పాలన్నా, చేప తోక ఆడించాలన్నా ముందు రాజులమ్మ ఇంట్లో కంప్యూటరు మీద గీయాలి. గీసినదాన్ని గోరంత మెమరీ కార్డులోకి ఎక్కించి ఇస్తే, మంగరాజు పట్టుకెళ్ళి బోర్డు వెనక పెట్టెలో దూరుస్తాడు. అప్పుడు బొమ్మ కదులుతుంది.

ఈ పని ఆమెకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. మూతపడిన ఇంటర్నెట్ సెంటరు నుంచి మంగరాజు ఒక పాత కంప్యూటరు కొనుక్కొచ్చాడు. బొమ్మలు గీయడానికి పెట్టుకున్న మనిషి పెళ్ళి చేసుకుని ఇల్లరికం వెళ్ళిపోయాడు. కుర్చీ ఖాళీగా ఉంది కదా అని ఎనిమిదో తరగతితో చదువు ఆపేసిన రాజులమ్మ అందులో కూర్చుంది. మొదట గీసిన బాతు గుమ్మడికాయలా వచ్చింది. ఆ గుమ్మడికాయనే మాకవరపాలెంలో ఒక పెళ్ళికి పెడితే అందరూ బావుందన్నారు. ఆ మాటతో ఆమెకు ధైర్యం వచ్చింది.

ఈ ఏడు ఆ కంప్యూటరుకు రోగం పట్టుకుంది. బొమ్మ సగంలో ఉండగా దానంతటదే ఆరిపోయేది. సరిగ్గా అప్పుడే కోటవురట్ల పక్క ఒక ఊరి అమ్మవారి పండగ ఒప్పుకున్నారు. ఆ ఊరివాళ్ళు కొయ్యూరు కొండల నుంచి గిరిజనుల థింసా నాట్యం ఆడే ఆడవాళ్ళను పిలిపిస్తున్నారు. స్వాగత ద్వారానికి రెండు వైపులా బోర్డుల మీద కూడా థింసాయే ఆడాలన్నారు. ఇక లాభం లేదని మంగరాజు వైజాగు వెళ్ళి కొత్త కంప్యూటరు తెచ్చాడు. తెచ్చి మంచం పక్కన పెట్టి, తను బోర్డులు వ్యానెక్కించుకుని పండగ ఊరికి వెళ్ళిపోయాడు.

రాజులమ్మకు కొత్త తెర చూస్తుంటే కాళ్ళు నేల మీద ఆగలేదు. పాతదానికి స్విచ్చి వేసి వంటింట్లోకి వెళ్ళి ఎసరు పెట్టి రావడం ఆమెకు అలవాటు. ఇది ఆమె లేచేలోపే తయారైపోయింది. పాత కంప్యూటరు తెర మీదున్న గుర్తులన్నిటినీ ఒక్కసారిగా పట్టి పెన్‌డ్రైవులో వేసి, కొత్తదాంట్లోకి దించింది. రెప్పపాటులో అయిపోయింది. ఇన్నేళ్ళ బొమ్మలూ, గీసే ప్రోగ్రామూ ఇంత బేగి వచ్చేశాయని ఆనందం పట్టలేక మంగరాజుకు ఫోను చేసి చెప్పింది. పక్కవీధిలో జిరాక్సు షాపు నడిపే ఆడపడుచు నూకరత్నానికీ చేసింది. ఆ తర్వాత సేమియా పాయసానికి పాలు పొయ్యి మీద పెట్టింది.

పాలు పొంగేలోపు అసలు సంగతి బయటపడింది. కొత్త తెర మీద ఏ గుర్తు నొక్కినా ఏదో దొరకలేదని ఇంగ్లీషులో చెప్పి ఊరుకుంటోంది. షాపు మూసి పాయసం కోసం వచ్చిన నూకరత్నం ఒంగి చూసి, గుర్తుల మూలనున్న వంకర బాణాలు చూపించింది.

"ఒదినా, నువ్వు తెచ్చింది షాపు బోర్డే. షాపు అక్కడే ఉండిపోనాది" అంది.

రాజులమ్మ ఒక్క క్షణం బిక్కమొహం వేసింది. అంతలోనే నవ్వు తన్నుకొచ్చింది. మొగుడితో అన్నీ వచ్చేశాయని గొప్పగా చెప్పిన మాట గుర్తొచ్చి ఇంకా నవ్వింది. ఆమెను చూసి నూకరత్నం కూడా నవ్వింది. పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది.

అన్నం తిన్నాక ఇద్దరూ పనికి దిగారు. అసలు సామానంతా ఉన్న చోటు నూకరత్నం వెతికి పట్టుకుంది. అది పెన్‌డ్రైవులో పట్టేంత కాదు. షాపు నుంచి పొడుగాటి నీలం కేబులు తెచ్చి ఒక కొస దీనికి, ఒక కొస దానికి గుచ్చింది. రెండు కంప్యూటర్లూ ఒకదాన్నొకటి గుర్తుపట్టడానికి సాయంత్రమైంది. తెర మీద పచ్చగీత కదలడం మొదలెట్టగానే వదినా ఆడపడుచులు మంచం మీద బాసింపట్లు వేసుకుని సినిమా చూసినట్టు చూశారు. పాత కంప్యూటరు ఆరిపోకుండా రాజులమ్మ టేబుల్ ఫ్యాను దాని మొహం మీదికి తిప్పింది. తామిద్దరూ విసనకర్రతో విసురుకున్నారు. ఒక్కో ఫైలు పేరు కనబడినప్పుడల్లా ఆమె దాని కథ చెప్పేది. తోక ఊడిన చేప, మూడు కాళ్ళతో నిలబడిన ఆవు. గుమ్మడికాయ బాతు దాటుతుంటే నూకరత్నం దండం పెట్టింది.

బొమ్మలన్నీ వచ్చాయి. గీసే ప్రోగ్రాము మాత్రం వచ్చినట్టే వచ్చి తెరుచుకోలేదు. దాన్ని మోసుకొస్తే చాలదట, మొదటి నుంచీ కొత్తగా ఎక్కించాలట. ఎక్కించే సీడీ పాత కంప్యూటరు కడుపులోనే ఉంది, దాని తలుపు బిగుసుకుపోయింది. రాజులమ్మ జాకెట్టుకున్న పిన్నీసు తీసి, తలుపు కింద చీమకన్నంత బెజ్జంలో పొడిచింది. సీడీ నాలుక బయటపెట్టినట్టు బయటికొచ్చింది. తీరా చూస్తే కొత్తదానికి సీడీ పెట్టే నోరే లేదు. ఇద్దరికీ మళ్ళీ నవ్వు మొదలై కాసేపు పని ఆగిపోయింది. చివరికి సీడీ దుమ్ము తుడిచి పాతదాంట్లోనే పెట్టి, ఆ కేబులు మీదుగానే అవతలికి పంపి ఎక్కించారు. ప్రోగ్రాము తెరుచుకుంది.

ఆ తర్వాత రోజులన్నీ రాజులమ్మ థింసా గీసింది. ఫోనులో వీడియోలు ఆపి ఆపి చూసి, ఏ కాలు ముందు పడుతోందో, వెనక నుంచి చేతులు ఎలా కలుస్తున్నాయో పట్టుకుంది. పండగ నాడు కార్డు జాకెట్లో దాచుకుని, నూకరత్నాన్ని వెంటబెట్టుకుని ఆటోలో వెళ్ళింది.

సందెచీకట్లు పడుతుండగా మంగరాజు స్విచ్చి వేశాడు. రెండు బోర్డుల మీదా ఆడవాళ్ళ వరస వెలిగింది. ఎర్రచీరలు, పచ్చచీరలు, నడుముల చుట్టూ చేతులు. అందరి తలలూ కిందికి, కాళ్ళు ఆకాశంలోకి. ఆ కాళ్ళు మాత్రం లయ తప్పకుండా అడుగులేస్తున్నాయి.

డప్పులవాళ్ళు దరువు ఆపేశారు. ఇంట్లో తెర మీద నిటారుగానే ఉన్నారని రాజులమ్మకు బాగా తెలుసు. బొమ్మలు వచ్చాయి, ప్రోగ్రాము వచ్చింది, కానీ బోర్డు వైరు కింద నుంచి మొదలవుతుందని ఎప్పుడో పాత కంప్యూటరుకు చెప్పి ఉంచిన మాట మాత్రం రాలేదు. కొత్తది పైనుంచి అనుకుంది.

అంతలో ఒక నవ్వు వినిపించింది. థింసా జట్టుకు పెద్ద సోమలమ్మ, ఆడడానికి చీర ఎగ్గట్టుకుని సిద్ధంగా నిలబడిన మనిషి, పక్కవాళ్ళ భుజం పట్టుకుని నవ్వుతోంది. ఆ నవ్వు జట్టంతా పాకింది, ఊరంతా పాకింది. పిల్లలు బోర్డుకు వీపు తిప్పి నిలబడి, తలలు వంచి కాళ్ళ మధ్య నుంచి చూడసాగారు. అలా చూస్తే సరిగ్గా కనబడుతోందని ఒక ముసలాయన కూడా ప్రయత్నించాడు.

ఇది ఎవరు గీశారని సోమలమ్మ అడిగితే అందరూ రాజులమ్మను ముందుకు తోశారు. సోమలమ్మ ఆమెను, బోర్డును మార్చి మార్చి చూసింది.

"అడుగులు సరిగ్గానే ఏసినావమ్మా. తలకాయలే తేడా" అంది.

మంగరాజు అప్పటికే బోర్డు కట్లు విప్పడానికి నిచ్చెన ఎక్కాడు. బోర్డునే తిప్పి కట్టేస్తే బొమ్మ నిలబడుతుంది. ఒకటి తిప్పి కట్టాడు. రెండోదాని దగ్గరికి నిచ్చెన జరుపుతుంటే ఊరిపెద్ద అడ్డొచ్చి, దాన్ని అలాగే ఉండనిమ్మన్నాడు. అమ్మోరు ఏటేటా నిలబడి ఆడేవాళ్ళనే చూస్తోంది, ఈ ఏడు ఇది కూడా చూడనీ అన్నాడు. దాంతో ద్వారానికి ఒక పక్క నిటారు థింసా, ఒక పక్క తలకిందుల థింసా ఆడాయి.

డప్పులు మళ్ళీ మొదలయ్యాయి. సోమలమ్మ రాజులమ్మ చెయ్యి పట్టుకుని వరసలోకి లాగింది. రాజులమ్మ తనకు రాదని గింజుకుంది. గీసినదానివి రాదంటావేటని సోమలమ్మ నడుము చుట్టూ చెయ్యి వేసింది. రాజులమ్మ నూకరత్నాన్ని కూడా లాక్కుంది. మొదట రెండు మూడు అడుగులు ఎవరెవరి కాళ్ళో తొక్కింది. తర్వాత కాళ్ళకు సంగతి తెలిసింది, ఎన్నోసార్లు వీడియో ఆపి చూసిన అడుగులే అవి. వరస వంపు తిరిగి ద్వారం ముందుకు వచ్చినప్పుడు ఆమె తలెత్తి చూసింది. పైన తను గీసిన ఆడవాళ్ళు, కింద తను, ఒకే దరువు. ఆమెకు ఊపిరాడనంత నవ్వొచ్చింది, అయినా అడుగు తప్పలేదు.

మర్నాడు నూకరత్నం ప్రోగ్రాములో వెతికితే, బోర్డు వైరు ఎటునుంచి మొదలవుతుందో చెప్పే గడి కనబడింది. ఒక్క టిక్కు పెడితే చాలు. రాజులమ్మ పెట్టింది. పెట్టేముందు తలకిందుల థింసాను వేరే పేరుతో దాచింది. ఈసారి కొయ్యూరులో పండగకు అది తప్పకుండా తేవాలని సోమలమ్మ వెళుతూ వెళుతూ చెప్పింది మరి.